బండి మేళాకు పోయిరావడం గిట్టుబాటేనా?

సంపాదకులు గారికి నమస్కారాలు.

నవంబరు దగ్గర పడుతున్నదంటే మా వీధిలో బుల్లెట్లున్న కుర్రాళ్లంతా ఒకే ప్రశ్నతో నా దగ్గరకు వస్తున్నారు: "సార్, గోవాలో జరిగే మోటారుసైకిళ్ల మేళాకు పోయిరావచ్చా? అంత డబ్బు పెట్టి పోతే గిట్టుతుందా?" రెండేళ్ల క్రితం నేను ఆ ప్రయాణం చేసివచ్చాను. యాభై దాటిన లెక్కల మాస్టారు తండ్రినాటి బండి మీద అంత దూరం పోయివచ్చాడంటే అక్కడ ఏదో గొప్ప విశేషం ఉండి ఉంటుందని వాళ్ల నమ్మకం. ఆ మేళాల ఫొటోలు, అక్కడ ఆవిష్కరించిన కొత్త బండ్ల ధరలు ఏటా పత్రికల్లో వస్తున్నాయి గాని, మన ప్రాంతం నుంచి సెలవు పెట్టుకొని వెళ్లే మామూలు మనిషికి ఆ ప్రయాణం వల్ల ఒరిగేదేమిటో రాసినవారు నాకు కనబడలేదు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం నిడివి ఎక్కువైతే మన్నించగలరు.

మావాళ్లు గోవా మేళా అని ఒక్క మాటలో అనేస్తారు గాని, ఆ పేరుతో పిలిచేవి రెండున్నాయి. ఒకటి రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ నవంబరులో నిర్వహించేది. చాలా ఏళ్లు రైడర్ మేనియాగా సాగి 2023 నుంచి మోటోవర్స్ అన్న పేరు పెట్టుకుంది. రెండోది 2013లో మొదలైన ఇండియా బైక్ వీక్. అందులోకి ఏ కంపెనీ బండివారైనా రావచ్చు. ఇది 2021లో మహారాష్ట్రలోని లోనావలా దగ్గరి ఆంబీ వ్యాలీలో జరిగినా, మనవాళ్ల మనసులో మాత్రం రెంటికీ చిరునామా ఉత్తర గోవాలోని వాగతోర్ గుట్టే. నేను వెళ్లింది వీటిలో ఒకదానికి. ఏదన్నది ఇక్కడ అప్రస్తుతం, ఎందుకంటే నేను చెప్పదలచినది రెంటికీ వర్తిస్తుంది. మేళా మైదానం చూడటానికే అయితే అంత దూరం పోవలసిన పని లేదు. దారి కోసం పోతే ఆ ప్రయాణానికి పెట్టిన ప్రతి రూపాయీ దక్కుతుంది.

ముందుగా ఖర్చు సంగతి చెప్పి పక్కన పెడతాను. ఆదోని నుంచి వాగతోర్‌కు దాదాపు ఐదు వందల కిలోమీటర్లు. లీటరుకు ముప్పయి పైచిలుకు ఇచ్చే నా పాత 350 బుల్లెట్టుకు పోనూ రానూ పెట్రోలు నాలుగు వేల లోపే అయింది. ఆలూరు దాటి కర్ణాటకలో అడుగు పెట్టగానే లీటరు మీద కొన్ని రూపాయలు తగ్గుతుందని మా సరిహద్దు జనానికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఇంటి దగ్గర బళ్లారి చేరేటంత మాత్రమే పోయించుకొని బయలుదేరడం మాకు అలవాటు. అసలు ఖర్చు మేళా దగ్గరే మొదలవుతుంది. ప్రవేశానికి వేలల్లో టికెట్టు, మామూలు రోజుల్లో వెయ్యిన్నరకు దొరికే గదికి ఆ మూడు రాత్రులూ రోజుకు నాలుగు వేలు, లోపల నీళ్ల సీసా మొదలుకొని టోపీ దాకా దేని ధర దానిదే. ఇల్లు వదిలి తిరిగి చేరేసరికి నాకు ఇరవై వేలు దాటింది. అందులో దారికైనది ఆరో వంతో, ఐదో వంతో ఉంటుంది.

ఇక దారి. ఆదోని, ఆలూరు, బళ్లారి, హోస్పేట, కొప్పళ, గదగ్, హుబ్బళ్లి, ధార్వాడ. అక్కడి నుంచి అల్నావర్ అడవి మీదుగా రామనగర, అన్మోడ్ ఘాటు దిగితే మొల్లెం, ఆ తర్వాత ఫోండా, పణజి. మా ఊరి పొలాలకు దిగువ కాలువలో వచ్చే నీళ్లు ఎక్కడివని పిల్లలను అడిగితే తుంగభద్రవని ఠక్కున చెబుతారు గాని, నలభై ఏళ్లుగా ఆ నీళ్లు తాగిన నేను హోస్పేట దగ్గర ఆ డ్యాము ఎదుట బండి ఆపి నిలబడటం అదే మొదటిసారి. కొప్పళ దాటినప్పటి నుంచి గదగ్ వరకు రెండు వైపులా మా ఆదోని నేలలాంటి నల్లరేగడే, అదే పత్తి, అదే జొన్న. మాట మారుతుంది గాని మట్టి మారదు. గదగ్ దగ్గర గాలిమరలు కనబడే చోట ఒక ఖానావళిలో భోజనానికి ఆగాను. పలుచగా తట్టి ఎండబెట్టిన కరకర జొన్నరొట్టె ఒకటి, మెత్తని వేడి రొట్టె ఒకటి, గుత్తివంకాయ, పచ్చి మెంతికూర, శనగపిండి కలిపిన ఏదో పులుసు, మీద గడ్డపెరుగు. వడ్డించిన పెద్దావిడ నా బండి నంబరు చూసి "ఆంధ్రవాళ్లకు అన్నం లేకుండా ఎట్లా" అని కన్నడంలో నవ్వుతూ, అడగకుండానే గంటెడు అన్నం పెట్టింది. మేము కూడా రొట్టె తినేవాళ్లమేనని ఆమెకు నమ్మకం కలిగించడానికి ఇంకో రొట్టె అడిగి తినవలసి వచ్చింది.

అంతకు ముందే, కొప్పళకు ఇంకా పది కిలోమీటర్లుందనగా, క్లచ్ తీగ కొసన దాన్ని పట్టి ఉంచే నిపిల్ అనే చిన్న ముక్క ఊడిపోయింది. బండి ఆగిపోయిన చోట మెకానిక్కు షాపు లేదు. బోరు మోటార్లకు వైండింగు చేసే చిన్న కొట్టు ఒకటి ఉంది. ఆ కొట్టతను తెలుగువాడు. తుంగభద్ర నీళ్ల కోసం ఆంధ్ర నుంచి వెళ్లిన రైతులు గంగావతి వైపు వెలయించిన ఊళ్లను అక్కడ క్యాంపులంటారు. అలాంటి ఒక క్యాంపులో పుట్టినవాడట. తీగ పోగులను విప్పి పువ్వులా విచ్చదీసి, పాత నిపిల్‌లో గుచ్చి, మోటారు తీగలకు వాడే సీసంతోనే అతికి, చల్లారాక ఆకురాయితో నునుపు చేసి ఇచ్చాడు. అరగంట పని. డబ్బు తీసుకోనన్నాడు, ఆదోని మార్కెట్‌లో పత్తి ధర ఎంత పలుకుతున్నదో మాత్రం అడిగాడు. ఆ అతుకు గోవా వెళ్లి, తిరిగి ఇంటికి చేరి, ఆ తర్వాత ఐదు నెలలు పనిచేసింది.

ఆ రాత్రి హుబ్బళ్లిలో పడుకొని, మర్నాడు పొద్దున్నే బయలుదేరి మధ్యాహ్నానికి ఘాటు చేరాను. అన్మోడ్ దగ్గర చెట్లు దగ్గరయ్యేసరికి ఎండ మాయమై తడిమట్టి వాసన మొదలవుతుంది. లారీలు ఎక్కువ, మలుపులు ఎక్కువ. అక్కడ న్యూట్రల్‌లో గాని, క్లచ్ పట్టి గాని బండిని దొర్లించేవారిని చూస్తే నాకు గుండె గుభేలుమంటుంది. రెండో గేరులో పెట్టి ఇంజను పట్టు మీద దింపితే బ్రేకులు వేడెక్కవు, మలుపు దగ్గర బండి మన మాట వింటుంది. కొత్తగా వెళ్లే పిల్లలకు ఈ ఒక్క ముక్క చెప్పకుండా నేను ఎవరినీ పంపను.

మైదానంలో చూసింది చెప్పాలంటే, చూడదగినవి లేవని అనను. మట్టి బాటలో పందేలు, ఇంజను తప్ప తక్కినదంతా విప్పి మార్చి కట్టిన బండ్లు, రాత్రి పాటలు, కొత్త మోడళ్ల ఆవిష్కరణ. అయితే చివరిది చూడటానికి ఎవరూ ఇల్లు కదలనక్కరలేదు. 2023 నవంబరులో కొత్త హిమాలయన్ బండి ధర వాగతోర్ వేదిక మీద చెప్పిన కాసేపటికే మా వీధి కుర్రాళ్లు దాన్ని ఫోనులో చూసి నాకు చెప్పారు. అంతకు ముందు సంవత్సరం సూపర్ మీటియర్ బండిని అక్కడ చూపించినప్పుడూ అంతే. పాటలు ఎక్కడైనా వినవచ్చు. నాకు నచ్చిన పోటీ ఒకటుంది. అది నెమ్మది పందెం: కాలు నేలకు తగలకుండా, బండి ఆగిపోకుండా, గీతల మధ్యనే నడిపి అందరికంటే చివరగా చేరినవాడు గెలిచినట్టు. జోరుగా పోవడం ఎవరికైనా వస్తుంది. నూట ఎనభై కిలోల బండిని నడక కంటే నెమ్మదిగా నిలబెట్టి నడిపేవాడి చేతిలో పనితనం ఏమిటో అక్కడ చూశాను.

మేళాలో నాకు అసలు లాభం మైదానం బయట బండ్లు నిలిపే చోట దక్కింది. మా నాన్నగారి బండి కుడివైపు గేరు, ఎడమవైపు బ్రేకు ఉన్న పాతకాలపుది. చల్లటి పొద్దున కిక్కు కొడితే తిరిగి కాలి మీదికే తన్నుతుంది. కొల్హాపూర్ నుంచి వచ్చిన ఒక ముసలి మెకానిక్కు నా అవస్థ కాసేపు చూసి, నన్ను పక్కకు తప్పించి, తాళం తిప్పి, కిక్కును చెప్పుకాలితోనే మెల్లగా దించి, గట్టిగా తగిలిన చోట ఆగాడు. ఇంజనులోని ఒత్తిడిని వదిలే డికంప్రెసర్ లీవరు పట్టి ఇంకొంచెం దించాడు. హెడ్‌లైటు పైనున్న చిన్న ఆంపియర్ మీటరులో ముల్లు ఎడమ నుంచి నడిమికి రాగానే లీవరు వదిలి, కిక్కును పైకి రానిచ్చి ఒక్క తన్ను తన్నాడు. బండి అందుకుంది. ఆ ముల్లు బ్యాటరీ కోసమే అనుకున్నాను, ఇందుకు కూడా పనికొస్తుందని ఇరవై ఏళ్లుగా నాకు తెలియదు. ఆయన మేళా లోపలికి రాలేదు. టికెట్టు కొనలేదు. పరిచయస్తులు వస్తారని ఏటా బయటికే వచ్చి పోతాడట.

ఇప్పుడు కుర్రాళ్ల సంగతి. హైదరాబాదు నుంచి వచ్చిన గుంపులు కొన్ని శుక్రవారం రాత్రి బయలుదేరి, ఆరేడు వందల కిలోమీటర్లు ఒక్క బిగిన నడిపి, కళ్లు ఎర్రబడి చేరుకున్నాయి. ఆదివారం సాయంత్రం మళ్లీ బండెక్కి, సోమవారం డ్యూటీ అందుకోవాలని రాత్రంతా నడుపుతామన్నారు. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారే. లెక్కల మాస్టారుగా ఈ అంకె నాకు నిద్ర పట్టనివ్వదు. మూడు రోజుల సెలవులో రెండు రాత్రులు రోడ్డు మీదే గడిచేటట్లయితే, అందులో ఒక రాత్రి తాగిన మత్తు ఇంకా దిగకుండానే బండెక్కేటట్లయితే, ఆ ప్రయాణం గిట్టుబాటా అని అడగడంలోనే అర్థం లేదు. ఐదు రోజుల సెలవు దొరకనివారు వెళ్లకపోవడం మేలు. అంతగా మేళానే చూడాలనుకుంటే, సికింద్రాబాదు నుంచి వాస్కోడగామాకు 2024 అక్టోబరులో మొదలైన రైలు కర్నూలు, గుంతకల్లు మీదుగానే పోతుంది. దూధ్‌సాగర్ జలపాతం పక్క నుంచి దిగే ఆ రైలు దారి కూడా తక్కువది కాదు.

ఇంకొక మాట, కొందరికి రుచించదని తెలిసే రాస్తున్నాను. వాగతోర్, అంజునా పల్లెల జనం రాత్రిపూట మోతల మీద కోర్టు దాకా వెళ్లినవారు. వాళ్ల వాకిళ్ల ముందు సైలెన్సరు మార్చిన బండిని అర్ధరాత్రి నిలబెట్టి గుర్రుమనిపించడం శౌర్యం కింద లెక్కకు రాదు. మన ఊళ్లలో పోలీసులు అలాంటి సైలెన్సర్లను రోడ్డు రోలరు కింద వేయించినప్పుడు చప్పట్లు కొట్టినవాళ్లమే, గోవా పోగానే చెవులు మూసుకుంటున్నాము.

అమెరికాలో ఉన్న మా మేనల్లుడు దక్షిణ డకోటాలోని స్టర్జిస్ మేళాకు వెళ్లివచ్చాడు. 1938లో తొమ్మిది మంది పందెగాళ్లతో మొదలైన ఆ మేళాకు, ఏడు వేల జనాభా ఉన్న ఆ చిన్న ఊరికి, 2015లో డెబ్భై అయిదో మేళా నాడు ఏడు లక్షల మందికి పైగా వచ్చారు. అంత జనంలో నీకేమి కనబడిందిరా అని అడిగితే వాడు ఊరి సంగతి రెండు మాటల్లో తేల్చేసి, బ్లాక్ హిల్స్ కొండల్లో రాతి స్తంభాల నడుమ నుంచి ఒక్క కారు పట్టేటంత సందులో పోయే నీడిల్స్ రహదారి గురించి గంటసేపు చెప్పాడు. అక్కడ కూడా కొందరు బండిని ట్రెయిలరు మీద వేసుకొని వచ్చి, ఊరి పొలిమేరలో దించి, వీధిలో నాలుగు చుట్లు తిప్పి, మళ్లీ ఎక్కించుకొని పోతారట. వాళ్లను చూసి నవ్వుకున్నామన్నాడు. మనవాళ్లు లారీలో, రైలు పార్శిల్లో బండిని గోవాకు పంపించి విమానంలో పోయేది కూడా నేను చూశాను, కాబట్టి నవ్వే హక్కు మనకూ లేదు.

కాబట్టి మా వీధి పిల్లలకు నేను చెబుతున్నది ఇది: సొంత బండి మీద, రెండు రోజుల్లో, పగటిపూట మాత్రమే నడిపి వెళ్లగలిగితే వెళ్లండి, మైదానానికి ఒక్క రోజు చాలు. అప్పు చేసి వెళ్లేవారు, బండి కొని మూడు నెలలు కానివారు ఈ ఏడు ఆగండి. మేళా వచ్చే ఏడు కూడా ఉంటుంది. మీరు కూడా ఆదివారం సంచికలో వేదిక మీది బండి ఫొటో పక్కన, అన్మోడ్ ఘాటు ఎట్లా దిగాలో నాలుగు వాక్యాలు వేయించగలరని మనవి.

నేను ఈ నవంబరులో మళ్లీ బయలుదేరుతున్నాను. మేళా టికెట్టు కొనలేదు. క్లచ్ తీగలు రెండు కొన్నాను, కొప్పళ వైండింగు కొట్టతనికి మా ఊరి పత్తి ధరలు రాసిన కాగితం జేబులో పెట్టుకున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఆదోని