ఇంటి దగ్గర ఉండటానికి చిన్న విమానానికి మారితే తప్పేంటి?

సంపాదకులకు నమస్కారం.

మాతో పనిచేసిన ఒక కెప్టెన్ ఈమధ్య ఎయిర్‌బస్ జెట్ వదిలేసి ఏటీఆర్ అనే చిన్న పంకాల (ప్రొపెల్లర్) విమానానికి మారారు. ఎయిర్‌బస్ మీద ఆయన బేస్ ఢిల్లీ, ఏటీఆర్ మీద హైదరాబాద్, ఇల్లూ పిల్లలూ పెద్దవాళ్లూ హైదరాబాద్‌లోనే. అంతకుమించి కారణం లేదు. దానికి బంధువులు అన్న మాటలు వింటే బాధేసింది. జెట్ నడిపేవాడు పంకాల విమానానికి దిగిపోయాడేంటి, ఏదన్నా తప్పు చేసి దొరికాడా, మెడికల్‌లో ఫెయిలయ్యాడా అని. మనవాళ్ల లెక్కలో పెద్ద విమానం అంటే పెద్ద ఉద్యోగం. ఆ లెక్క తప్పని ఒక కెప్టెన్‌గా చెప్పాలనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

బేస్ అంటే మా డ్యూటీ మొదలై, ముగిసే ఊరు. ఇల్లు వేరే ఊళ్లో ఉంటే అక్కడికి చేరుకోవడం మా సొంత తిప్పలు. నేనూ అలాగే హైదరాబాద్‌కీ ఢిల్లీకీ మధ్య తిరుగుతున్నాను. డ్యూటీ దిగి స్టాఫ్ టికెట్ మీద ఇంటికి బయల్దేరితే సీటు ఖాళీ ఉంటేనే ఎక్కనిస్తారు, పండగలప్పుడు, శని ఆదివారాల్లో ఆ ఖాళీ దొరకదు, ఒక విమానం పోయాక ఇంకో విమానం కోసం గేటు దగ్గరే కూర్చోవాలి. తిరిగి వెళ్లేటప్పుడు ఇంకా టెన్షన్. తెల్లవారుజామున డ్యూటీ ఉంటే ముందు రోజే బయల్దేరాలి, డిసెంబరు, జనవరిలో ఢిల్లీ పొగమంచుకి విమానాలు ఎప్పుడు ఆగిపోతాయో తెలియదు కాబట్టి ఇంకా ముందే బయల్దేరాలి, ఇన్ని పోగా రెండు రోజుల సెలవులో ఇంట్లో గడిపేది ఎంతో మీరే ఊహించుకోండి. ఢిల్లీలో ఫ్లాట్ అద్దె అదనం.

ప్రయాణికులకి తెలియాల్సిన విషయం ఒకటుంది. కంపెనీ తన పని కోసం నన్ను ప్రయాణికుడిగా కూర్చోబెట్టి హైదరాబాద్ నుంచి ఢిల్లీ పంపితే ఆ సమయం డ్యూటీలోకి వస్తుంది. అదే విమానంలో, అదే సీట్లో నా అంతట నేను వెళ్తే విశ్రాంతిలోకి వస్తుంది. ఒంటికి రెండూ ఒకటే. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ కొత్త నిబంధనల్లో వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48కి పెంచారు, రాత్రి ల్యాండింగులను ఆరు నుంచి రెండుకి తగ్గించారు. 2025 డిసెంబరులో ఇండిగో వేల విమానాలు రద్దు చేసినప్పుడు ఈ నిబంధనల సంగతి అందరికీ తెలిసింది. మంచి నిబంధనలే, పైలట్ల సంఘాలు హైకోర్టు దాకా వెళ్లి సాధించుకున్నవి, వాటిని సడలించమంటే నేను అస్సలు ఒప్పుకోను. కానీ ఆ 48 గంటల్లో సగం పూట క్యూల్లో, క్యాబుల్లో, గేటు దగ్గర కుర్చీల్లో కరిగిపోతే ఆ సంగతి ఏ రోస్టర్‌లోనూ (డ్యూటీల పట్టికలోనూ) కనిపించదు.

అమెరికాలో ఒక ఊళ్లో ఉంటూ ఇంకో ఊళ్లో డ్యూటీ ఎక్కడం ఎప్పటి నుంచో మామూలే. 2009 ఫిబ్రవరి 12న బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ విమానం ఒక ఇంటి మీద కూలి 50 మంది చనిపోయారు. ఆ పైలట్ల బేస్ నెవార్క్. కెప్టెన్ ఉండేది ఫ్లోరిడాలో, ఫస్ట్ ఆఫీసర్ (కో-పైలట్) ఉండేది సియాటిల్ వైపు. ఆమె ముందు రాత్రంతా సరుకు విమానాల్లో మెంఫిస్ మీదుగా దేశం ఈ చివర నుంచి ఆ చివరికి వచ్చి డ్యూటీ ఎక్కింది, ఆయన క్రూ రూములో పడుకుని లేచాడు. వేగం పడిపోయి స్టాల్ హెచ్చరిక, అంటే రెక్కలు విమానాన్ని మోయలేకపోతున్నాయన్న హెచ్చరిక, వచ్చినప్పుడు విమానం ముక్కు దించాల్సింది పోయి కెప్టెన్ కంట్రోల్ వెనక్కి లాగాడని, అదే ప్రమాదానికి కారణమని విచారణలో తేలింది. అలసట ప్రభావం ఉండి ఉంటుంది, ఎంత మేరకో చెప్పలేం అని కూడా అదే విచారణ చెప్పింది. నాకు అన్నిటికంటే భయం వేసేది ఆ చెప్పలేం అన్న మాటకే, ఎందుకంటే అలసట రక్తపరీక్షలో బయటపడదు, కాక్‌పిట్‌లో కూర్చున్న మనిషికే సరిగా తెలియదు. ఆ ప్రమాదం తర్వాత అక్కడ డ్యూటీ నిబంధనలు తిరగరాసి 2014 జనవరి నుంచి అమల్లోకి తెచ్చారు, అయినా ఇంటి నుంచి బేస్‌కి ప్రయాణం మాత్రం చాలావరకు పైలట్ మనస్సాక్షికే వదిలేశారు.

అందుకే ఏటీఆర్‌కి మారినవాళ్లని చూస్తే నాకు గౌరవం.

అది సుఖమైన దారి అనుకోకండి. ఏటీఆర్ 72 గంటకి 500 కిలోమీటర్ల వేగంతో, 25 వేల అడుగుల లోపే ఎగురుతుంది, ఎయిర్‌బస్‌లో పైనుంచి దాటిపోయే మబ్బుల్లో చాలావాటిని ఇక్కడ పక్కనుంచి తప్పించుకుంటూ పోవాలి, వానాకాలంలో రాజమండ్రి, తిరుపతి, కడప తిరిగొచ్చేసరికి ఒళ్లు హూనమవుతుంది. రోజుకి నాలుగేసి సెక్టార్లు (ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఎగిరితే ఒక సెక్టార్), ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. జీతం తగ్గుతుంది. రేపు గల్ఫ్ ఎయిర్‌లైన్‌కి అప్లై చేస్తే జెట్ గంటలెన్ని అని అడుగుతారు. మనసు మారి మళ్లీ ఎయిర్‌బస్ కావాలంటే క్లాసులు, సిమ్యులేటర్, చెక్‌లు అన్నీ ఉంటాయి, వాటికి ట్రైనింగ్ స్లాట్ ఎప్పుడు దొరుకుతుందో చెప్పలేం. ఇవన్నీ తెలిసే మారతారు, ఎక్కువ రాత్రులు సొంత మంచం మీద పడుకుని లేచి డ్యూటీకి వెళ్లొచ్చని. నిద్రపోయి వచ్చిన ఏటీఆర్ కెప్టెన్ వెనక సీట్లో మా అమ్మని కూర్చోబెట్టడానికి నేను క్షణం కూడా ఆలోచించను.

మన హైదరాబాద్‌కి ఈ విమానంతో సంబంధం బాగానే ఉంది. ఇక్కడే పుట్టిన ట్రూజెట్ 2015లో ఏటీఆర్‌లతోనే మొదలైంది, 2017 ఏప్రిల్‌లో చిన్న ఊళ్లకి విమానాలు నడిపే కేంద్ర పథకం ఉడాన్ కింద విమానాలు ప్రారంభమైన రోజున కడప నుంచి హైదరాబాద్‌కి ఎగిరింది ఆ కంపెనీ విమానమే. అదే ఏడాది డిసెంబరులో ఇండిగో కూడా తన ఏటీఆర్ సర్వీసులు హైదరాబాద్ నుంచే మొదలుపెట్టింది. ట్రూజెట్ 2022లో ఆగిపోయింది. ఇంటి దగ్గర బేస్ ఒక్కటే చూసుకుని చిన్న కంపెనీలో చేరడంలో ఉన్న ప్రమాదం అది, కంపెనీ పోతే బేస్ కూడా పోతుంది. కాబట్టి ఉన్న కంపెనీ లోపలే ఒక విమానం నుంచి ఇంకో విమానానికి మారే దారి తెరిచి ఉండాలి. బయటికి వెళ్దామంటే 2017 నుంచి కెప్టెన్‌కి ఏడాది నోటీసు, ఫస్ట్ ఆఫీసర్‌కి ఆరు నెలలు, దాని పైన ట్రైనింగ్ బాండు (గడువుకి ముందే వదిలేస్తే శిక్షణ ఖర్చు కట్టాలన్న ఒప్పందం).

నేను అడిగేవి పెద్ద కోరికలేం కావు. ఏ బేస్‌లో ఏ విమానం మీద ఎన్ని ఖాళీలున్నాయో కంపెనీలు పైలట్లందరికీ తెలిసేలా చెప్పాలి, సీనియారిటీ ప్రకారం ఇవ్వాలి, ఎవరికి ఎవరు తెలుసు అన్నదాని మీద కాదు. ఇంటి కోసం చిన్న విమానానికి వెళ్లినవాళ్ల సీనియారిటీ కోయకూడదు. వేరే ఊరి నుంచి వచ్చేవాళ్ల డ్యూటీలు ముక్కలు ముక్కలు చేయకుండా ఒక గుత్తిగా ఇవ్వాలి. ర్యాన్‌ఎయిర్‌లో పైలట్లకి ఐదు రోజులు పని, నాలుగు రోజులు సెలవు అనే పద్ధతి ఎన్నో ఏళ్లుగా నడుస్తోంది, సెలవు ఎప్పుడో ముందే తెలిస్తే మనిషి నిద్రని కూడా ప్లాన్ చేసుకుంటాడు. గుత్తిలో మొదటి రోజు డ్యూటీ మధ్యాహ్నం మొదలుపెట్టి, చివరి రోజు సాయంత్రానికి వదిలేసి, రానూపోనూ ఒక్క ఖాయమైన సీటు ఇస్తే కంపెనీకి అయ్యే ఖర్చు ఎంత? పౌర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు గారు శ్రీకాకుళం మనిషి, ఊరు వదిలి దూరాల్లో పనిచేసే కుటుంబాల బాధ ఆ జిల్లాకి కొత్తగా చెప్పక్కర్లేదు. ఇంటి నుంచి బేస్‌కి పైలట్లు చేసే ప్రయాణం మీద డీజీసీఏ చేత ఒక్కసారి లెక్క తీయించమని ఆయన్ని కోరుతున్నాను.

పిల్లల్ని పైలట్లు చేయాలనుకుంటున్న తల్లిదండ్రులకి ఒక మాట. పొలం అమ్మో ఇల్లు తాకట్టు పెట్టో సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) చేయిస్తున్నారు, తర్వాత ఎవరో చెప్పారని ఏదో ఒక విమానం మీద టైప్ రేటింగ్‌కి, అంటే ఆ రకం విమానం నడిపే అర్హతకి, మళ్లీ లక్షలు కడుతున్నారు. మీవాడు వచ్చే కొన్నేళ్లు ఏ ఊళ్లో ఉంటాడో చాలావరకు ఆ రేటింగే తేలుస్తుంది. డబ్బు కట్టకముందే ఆ విమానం ఏ కంపెనీ దగ్గరుంది, ఏ బేస్‌ల నుంచి నడుపుతోంది, కొత్తవాళ్లని ఎక్కడ వేస్తోంది అని అక్కడ పనిచేస్తున్న ఫస్ట్ ఆఫీసర్లని ఇద్దరు ముగ్గురిని అడగండి, ట్రైనింగ్ సంస్థ వాళ్లు చెప్పింది విని ఊరుకోకండి.

— ఒక విమాన కెప్టెన్, హైదరాబాద్