మీ ఊళ్లో కూడా గూడబాతులున్నాయిరా

తిరుపతి

ఒరే మామా,

ఎట్లుండావ్? ఈ అమెరికా సాల్ట్ లేక్ సిటీలో ఉప్పు తప్ప ఏముందిరా అని ఫోన్‌లో మొత్తుకున్నావు కదా, అందుకే రాస్తున్నా. ఉత్తరం దిక్కుగా కారులో గంటసేపు పో. బేర్ నది ఉప్పు సరస్సులో కలిసేచోట వలస పక్షుల రక్షణ కేంద్రం ఉంది.

అది ఊరికే వదిలేసిన చిత్తడి అనుకునేవు. కట్టలు పోసి, తూములు పెట్టి, ఏ మడుగులో ఎంత లోతు ఉండాలో చూసి నీళ్లు వదుల్తారు. మన చెరువుల కింద నీరుగంటి రైతులకు వంతులేసినట్టే, అక్కడ బాతులకూ కొంగలకూ వంతులన్నమాట!

అంత అవస్థ ఎందుకంటే, ఎగువన నది నీళ్లు పొలాలకు మళ్లించుకునేసరికి కింద చిత్తడి ఎండిపోయింది. మిగిలిన కాసిని నీళ్లు నిలవుండి, వేడెక్కి, బాక్టీరియా విషం పుట్టి 1910లో బాతులు గుట్టలుగా చచ్చిపోయినాయి. మొదట నీళ్లలోని క్షారమే కారణమనుకున్నారు, ఆ బాక్టీరియా విషంతో వచ్చే బొటులిజం అనే జబ్బని చాలా ఏళ్లకు గానీ తేల్లేదు. 1928లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి ఈ కేంద్రం పెట్టింది. 1983లో ఉప్పు సరస్సే పొంగి కట్టల్ని ముంచేసింది, ఆ ఉప్పు నీళ్లకు తుంగంతా మాడిపోయింది. నీళ్లు తీశాక మళ్లీ మొదట్నుంచీ కట్టుకున్నారు. ఓపికంటే వాళ్లదేరా.

మన నేలపట్టు పక్షుల కేంద్రం గుర్తుందా? చెట్ల మీద గూడబాతు (అదే, పెలికాన్) పిల్ల తల్లి గొంతు సంచిలోకి మెడదాకా తల దూర్చితే, తల్లి పిల్లను మింగేస్తోందని నువ్వు టెన్షన్ పడిపోయావు. అది చేపలు లాక్కుంటోంది నాయనా! ఆ చేపలు పులికాట్ సరస్సు నుంచి మోసుకొచ్చినవి. గూడు ఒకచోట, కూడు ఇంకోచోట. రెట్ట కంపుకు నువ్వు ముక్కు మూసుకున్నావు గానీ, అది కలిసిన చెరువు నీళ్లు పొలానికి ఎరువని ఊరోళ్లు ఆ పక్షుల జోలికే పోరు.

మీ దగ్గర తెల్ల గూడబాతులదీ ఇదే కథ. ఉప్పు సరస్సు నడుమ గన్నిసన్ దీవిలో గుడ్లు పెట్టేవి. ఆ ఉప్పులో చేప బతకదు కాబట్టి మేతకు బేర్ నది చిత్తడి దాకా ఎగిరిపోవాల్సిందే. 2022లో సరస్సు ఎన్నడూ లేనంత అడుగంటింది. దీవికి నేల దారి పడితే నక్కజాతి జంతువులు ఊరుకుంటాయా? మరుసటేడు పక్షులు గూళ్లు వదిలేసి పోయినాయి. మన పులికాట్‌కు ఆ గతి పట్టకూడదని నా బాధ.

శనివారం పొద్దున్నే పోయిరా, ఫోటోలు పెట్టు. కారు దిగకుండానే చుట్టి రావచ్చు, నీ బద్ధకానికి సరిపోతుంది. మీ అమ్మకు కూడా ఫోన్ చెయ్యి, కనబడినప్పుడల్లా నన్నే అడుగుతోంది.

నీ
మామ