ఫోటోలు చూసి క్యాంప్ ఎంచుకోవద్దు

సంపాదకులకు నమస్కారం.

మేం పదకొండేళ్లుగా జాంబియా రాజధాని లుసాకాలో ఉంటున్నాం. సెలవులకు వచ్చే మనవాళ్లు "లువాంగ్వా లోయలో మంచి లాడ్జి చెప్పండి" అని అడుగుతుంటారు. ఈలోపే ఫోన్‌లో స్విమ్మింగ్ పూల్ ఫోటో చూసి ఒకటి ఖాయం చేసుకుని ఉంటారు. ముందు చూసుకోవాల్సింది నెల. నవంబర్‌లో వానలు మొదలైతే ఆ లోయలోని సౌత్ లువాంగ్వా వన్యప్రాణుల పార్కులో నల్లరేగడి దారుల్లో బండి కదలదు. లోపల అడవి మధ్యలో ఉండే చిన్న బస కేంద్రాలు, అంటే బుష్ క్యాంపులు, చాలావరకు మూసేస్తారు. అప్పుడు పార్కులోకి వెళ్లే మఫూవే వంతెన దగ్గర, ఎక్కువగా పార్కు బయట ఉన్న లాడ్జిలే దిక్కు. అక్టోబర్‌లో లువాంగ్వా నది చిక్కిపోయి జంతువులు బాగా కనిపిస్తాయి కానీ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పిల్లలుంటే జూన్, జూలైలే నయం.

డబ్బు కలిసొస్తుందని గుడారం వేసుకునేవాళ్లకు నా అనుభవం చెప్పాలి. మొదటిసారి సుమారు 700 కిలోమీటర్లు కారులో వెళ్లి నది గట్టున దిగాం. అక్కడ కంచె ఉండదు. తిండి వస్తువులు తాళం వేసే గదిలో పెట్టాలని ఆ క్యాంప్‌వాళ్లు చెప్పలేదు. కారు వెనక సీట్లో నారింజపళ్ల సంచి ఉండిపోయింది. అర్ధరాత్రి చప్పుడుకి గుడారం జిప్ నాలుగు వేళ్లంత తీసి చూశాను. ఏనుగు తొండం చివర రెండు వేళ్లలాంటి కొనలు కారు అద్దం మీద తడిగా పాకుతున్నాయి. కాసేపటికి అద్దం పగిలింది. సంచి బయటికొచ్చింది. మా చిన్నాడు నా పక్కనే నిద్రపోతున్నాడు, వాడు లేచి ఏడుస్తాడేమోనని ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. ఆ ఏనుగు తప్పేం లేదు, ఆ దారి దానిది. చెప్పాల్సినవాళ్లు చెప్పకపోవడమే తప్పు.

ఇంకొకటి. సొంత కారులో వెళ్లినవాళ్లు చీకటి పడేలోపు పార్కు నుంచి బయటికి రావాలి. చిరుతను చూడాలంటే గైడు, స్పాట్‌లైట్ ఉన్న బండిలో నైట్ డ్రైవ్‌కి వెళ్లాలి. అది గది అద్దెలో కలిసిందో లేదో ముందే అడగాలి. నడక సఫారీకి ఈ లోయ పెట్టింది పేరు, కానీ చాలా క్యాంపులు 12 ఏళ్లలోపు పిల్లల్ని నడకకు తీసుకెళ్లవు. మలేరియా మాత్రలు మాత్రం ఏ నెలలో వెళ్లినా డాక్టర్‌ని అడిగి వేసుకోవాల్సిందే.

మీ పర్యాటక పేజీలో లాడ్జి పేరు పక్కన అది ఏ నెలల్లో తెరిచి ఉంటుందో, పార్కు లోపలో బయటో, రాత్రి భోజనం అయ్యాక గుడారం దాకా టార్చ్‌తో ఎవరు తోడొస్తారో కూడా వేయమని కోరుతున్నాను.

ఇట్లు
ఒక పాఠకురాలు, లుసాకా