పాట కింద నాలుగు పేర్లు

ఏథెన్స్, జార్జియా, అమెరికా

ఒరేయ్ చిన్నా,

మొన్న ఫోన్ చేసినప్పుడు అమ్మ పక్కనే ఉందని నువ్వు పొడిపొడిగా మాట్లాడావు కానీ, విషయం నాకు అర్థమైంది. పాట యూట్యూబ్‌లో పెట్టే ముందు ‘సంగీతం’ అని ఎవరి పేరు వేయాలన్న దగ్గర మీ నలుగురికీ మాటామాటా పెరిగింది. డ్రమ్స్ వాయించే అబ్బాయి ప్రాక్టీసుకి రావడం మానేశాడు. ఇది ఫోన్‌లో తేలే విషయం కాదు, అందుకే రాస్తున్నాను. నేనుంటున్న ఈ ఊళ్ళోనే పుట్టిన ఆర్.ఇ.ఎం. అనే బ్యాండ్ గురించి నీకు చెప్పాలి.

పీటర్ బక్ ఇక్కడ వక్స్‌ట్రీ అనే రికార్డుల షాపులో పనిచేసేవాడు. మైకేల్ స్టైప్ యూనివర్సిటీలో ఆర్ట్ చదువుతూ ఆ షాపుకి వస్తుండేవాడు. ఇద్దరి ఇష్టాలూ కలిశాయి. బేస్ గిటార్ మైక్ మిల్స్, డ్రమ్మర్ బిల్ బెర్రీ మేకన్ అనే ఊరి నుంచి వచ్చారు. స్కూల్లో మొదట వీళ్ళిద్దరికీ ఒకరంటే ఒకరికి అసలు పడేది కాదట! 1980 ఏప్రిల్ 5న ఒక స్నేహితురాలి పుట్టినరోజుకి, ప్రార్థనలు ఆగిపోయిన ఓ పాత చర్చిలో నలుగురూ మొదటిసారి జనం ముందు వాయించారు. చర్చి కూల్చేశారు కానీ దాని గోపురం ఇంకా ఉంది. ఎక్కడెక్కడి నుంచో వచ్చి దాని ముందు ఫోటోలు దిగుతారు. (చదువులు మధ్యలో మానేశారులే. ఆ ఒక్కటీ వాళ్ళ దగ్గర నేర్చుకోకు, నాన్న తట్టుకోలేరు.)

తర్వాత ఏళ్ళ తరబడి వ్యాన్‌లో సామాను వేసుకుని ఊరూరా చిన్న చిన్న క్లబ్బుల్లో వాయించారు. 1983లో వచ్చిన మొదటి పూర్తి ఆల్బమ్ ‘మర్మర్’ కవరు నిండా కుడ్జు తీగే. చెట్లనీ కరెంటు స్తంభాలనీ కప్పేస్తూ జార్జియా అంతటా పాకే తీగ అది. మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ ప్రపంచాన్ని ఊపేస్తున్న ఆ ఏడాదే, ‘రోలింగ్ స్టోన్’ పత్రిక విమర్శకులు ‘మర్మర్’ని ఉత్తమ ఆల్బమ్‌గా ఎంచుకున్నారు. అయినా అమెరికా టాప్ టెన్‌లోకి వాళ్ళ పాట ఒకటి చేరడానికి 1987 దాకా పట్టింది. ఏడేళ్ళు! అన్నాళ్ళు చిన్న డబ్బుతో నలుగురు కలిసి ఉండటం ఎలా కుదిరిందా అని నేను చాలా ఆలోచించాను.

వాళ్ళు మొదట్లోనే ఒక పద్ధతి పెట్టుకున్నారు. పాట ఎవరికి తట్టినా, ఎవరు ఎంత చేసినా, రాసినవాళ్ళుగా నలుగురి పేర్లూ వేయాలి. బెర్రీ, బక్, మిల్స్, స్టైప్. అక్షర క్రమమే తప్ప ముందూ వెనకా లేదు. ఆ పాట మీద వచ్చే డబ్బూ నాలుగు సమాన వాటాలు. ఇంకోటి, బ్యాండ్‌కి సంబంధించిన ఏ నిర్ణయానికైనా ఒక్కరు వద్దన్నా ఆ పని ఆగిపోవాల్సిందే.

ఇది ఎంత తెలివైన పనో 1990ల్లో తేలింది. బక్ టీవీ చూస్తూ మాండలిన్ నేర్చుకుంటుంటే (మనకి మాండలిన్ అంటే పాలకొల్లు శ్రీనివాస్ గారే కదా) చేతికి తగిలిన వరసే ‘లూజింగ్ మై రిలిజియన్’ అయింది. 1991లో ఆ పాట వాళ్ళని ప్రపంచమంతా తెలిసిన బ్యాండ్‌ని చేసింది. ఆ మరుసటి ఏడాది ‘ఆటోమేటిక్ ఫర్ ద పీపుల్’ వచ్చింది. ఈ ఊళ్ళోని ఒక భోజనాల హోటల్ నినాదమే ఆ పేరు. నాకు ప్రాణం ఆ ఆల్బమ్. అందులో ‘ఎవ్రీబడీ హర్ట్స్’ పాట చాలావరకు డ్రమ్మర్ బెర్రీదే! విను ఒకసారి. డ్రమ్స్ వాయించేవాడికి ట్యూన్‌తో ఏం పని అని వాళ్ళు అనుకుని ఉంటే ఆ పాట ఉండేది కాదు.

1995 మార్చి 1న స్విట్జర్లాండ్‌లోని లొజాన్‌లో కచేరీ జరుగుతుండగా బెర్రీకి మెదడులో రక్తనాళం చిట్లింది. అక్కడే ఆపరేషన్ చేశారు. మే నెలకల్లా మళ్ళీ డ్రమ్స్ ముందు కూర్చున్నాడు. ఆ మరుసటి ఏడాది రికార్డు కంపెనీతో చేసుకున్న కొత్త ఒప్పందం 8 కోట్ల డాలర్లదని పత్రికలు రాశాయి. అలాంటి సమయంలో, 1997లో, బెర్రీ ఇక చాలనుకున్నాడు. కానీ తను వెళ్తే బ్యాండ్ ఆగిపోతుందంటే మాత్రం వెళ్ళనన్నాడు. మిగిలిన ముగ్గురూ కొనసాగుతామని మాటిచ్చాకే వెళ్ళి, ఇక్కడికి దగ్గర్లోనే పొలం చేసుకున్నాడు. చిన్నా, కోపం లేకుండా విడిపోవడం కూడా కలిసి వాయించడమంత కష్టమే.

తర్వాతి ఆల్బమ్‌లు అమెరికాలో అంతగా అమ్ముడుపోలేదు. నాకూ వాటిలో కొన్నే నచ్చుతాయి. 2011 సెప్టెంబరులో ఏ గొడవా లేకుండా బ్యాండ్‌ని ముగించారు. 2024 జూన్‌లో న్యూయార్క్‌లో పాటల రచయితలకిచ్చే ‘సాంగ్‌రైటర్స్ హాల్ ఆఫ్ ఫేమ్’ గౌరవం అందుకోవడానికి నలుగురూ వెళ్ళారు. ఎప్పుడో మానేసిన బెర్రీ కూడా, వాళ్ళతో సమానంగా, పాటల రచయితగానే. ఆ రాత్రి నలుగురూ కలిసి ఆ మాండలిన్ పాటే వాయించారు. ఆ వీడియో చూస్తూ నేను ఏడ్చేశాను.

పల్లవి నీదే, కాదనను. ఆ అబ్బాయి వేసిన దరువు లేకపోతే నీ పల్లవి ఎలా ఉండేదో నువ్వే ఆలోచించు. మెసేజ్‌లు పెట్టడం ఆపి, ఈ ఆదివారం వాళ్ళింటికి వెళ్ళు. ఒక్కడివే వెళ్ళు. ఇప్పుడు ఒక్క రూపాయి కూడా రావట్లేదు కాబట్టి వాటాల సంగతి కూడా ఇప్పుడే మాట్లాడుకోండి. డబ్బు రావడం మొదలయ్యాక ఆ మాట ఎత్తడానికి నోరు రాదు.

నువ్వడిగిన గిటార్ స్ట్రింగ్స్ మా పక్కింటివాళ్ళు గుంటూరు వస్తున్నారు, వాళ్ళతో పంపిస్తాను. ఏ గేజ్ (తీగ మందం) కావాలో రాయి. అతనికి డ్రమ్ స్టిక్స్ ఏ సైజువి కావాలో కూడా అడిగి చెప్పు.

మీ అక్క