భూసార పత్రంలో లేని గడి: వ్యవసాయ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

కమిషనర్ గారూ, నమస్కారం.

మీ శాఖ ఇచ్చే భూసార పత్రంలో నత్రజని, భాస్వరం, పొటాష్, సేంద్రియ కర్బనం కనిపిస్తాయి. మట్టిలోని సూక్ష్మజీవుల గురించి ఒక్క ముక్క ఉండదు. ఏటా ఒకే పంట వేసే పొలంలో అసలు కథ అక్కడే నడుస్తుంది.

వేర్లు చక్కెరలు, ఆమ్లాలు స్రవిస్తాయి. ఏ పంట స్రావాలు దానివే. ఒకే పంట అంటే మట్టికి ఏళ్ల తరబడి ఒకే వడ్డన. అది రుచించిన జీవులు పెరుగుతాయి, మిగతావి పలచబడతాయి. పెరిగేవాటిలో ఆ పంటనే పట్టి పీడించేవీ ఉంటాయి. ఎండుతెగులు తెచ్చే ఫ్యుజేరియం శిలీంధ్రం మందపాటి గోడల బీజాలుగా మారి ఏళ్లపాటు మట్టిలో కాచుకుని ఉంటుంది. ఆవ జాతి పంటలే వేస్తూ పోతే, వేర్లలో ఉంటూ మొక్కకు భాస్వరం అందించే మైకోరైజా శిలీంధ్రాలు, ఆవ వేర్లు చోటివ్వక తగ్గుతాయి.

గోధుమలో ఒక వింత ఉంది. వరుసగా వేస్తే టేక్ ఆల్ అనే వేరుకుళ్లు తెగులు ముదిరి, కొన్నేళ్లకు దాన్ని అణచే సూడోమోనాస్ బ్యాక్టీరియా పుంజుకున్నాక తగ్గవచ్చు. ఆ మధ్య ఏళ్ల నష్టం ఎవరు భరించాలి?

పత్రంలో నేల శ్వాసక్రియ కొలతకు, అంటే మట్టిలోని జీవులు వదిలే బొగ్గుపులుసు వాయువు కొలతకు, ఒక గడి చేర్చండి. పంట మార్చమని గోడల మీద రాయించడం సులువు; మార్చిన పంటకు విత్తనం అదనులో అందాలి, కొనేవారు ఉండాలి.

ఇట్లు,
ఒక రైతు