కారు అద్దాల గురించి చిన్నోడికి

చిత్తూరు,
ఆదివారం మధ్యాహ్నం

చిన్నోడా,

నిన్న ఫోన్‌లో "అమ్మా, కారు అద్దాలకు ఎండ ఆపే సెరామిక్ ఫిల్మ్ 18 వేలు, మామూలుది మూడున్నర వేలు, ఏది వేయించమంటావు?" అని అడిగావు. నేను నోరు తెరిచేలోగా ఎవరో పిలిచారని పెట్టేశావు. అందుకే ఈ ఉత్తరం. కార్ల సంగతి అమ్మకేం తెలుసని నవ్వకు. ముప్పై ఏళ్లు కర్టెన్లు కుట్టినదాన్ని. ఎండను ఆపే గుడ్డ వేరు, ఊరికే గదిని చీకటి చేసే గుడ్డ వేరు అని నాకు బాగా తెలుసు.

నాన్న పాత తెల్లకారు గుర్తుందా? 2010లో ఎవరో చెప్పారని ఒక అంగట్లో చిక్కటి నలుపు ఫిల్మ్ వేయించుకొచ్చారు. రెండు ఎండాకాలాలు తిరిగేసరికి అది వంకాయ రంగుకు మారింది, అంచుల్లో బుడగలు లేచాయి. చల్లదనమా? ఏమీ లేదు. రంగు అద్దిన ఫిల్మ్ ఎండను తనే పీల్చుకుంటుంది, అద్దం కాలుతుంది, ఆ వేడిలో కొంత మళ్లీ లోపలికే వస్తుంది. ఆ తర్వాత 2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అద్దాలకు ఏ ఫిల్మూ వద్దంది. చంద్రగిరి దగ్గర మనల్ని ఆపి ఫైన్ వేశారు. ఇంటికొచ్చి నాన్న బ్లేడుతో గీకుతుంటే ఫిల్మ్‌తో పాటు వెనక అద్దంలోని హీటర్ తీగలు కూడా ఊడొచ్చాయి. నువ్వు పక్కన కూర్చుని నవ్వావు. ఆయన నవ్వలేదు.

కేరళ హైకోర్టు తీర్పు నువ్వు పంపింది చదివాను. 2024లో వచ్చింది, రూలులో చెప్పినంత వెలుతురు వెళ్లనిస్తే ఫిల్మ్ వేసుకోవచ్చని. ఆ రూలు ఏమిటంటే ముందు, వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల్లోంచి కనీసం 50 శాతం వెలుతురు పోవాలి. మంచిదే. కానీ పలమనేరు రోడ్డు మీద నిన్ను ఆపిన మనిషితో కేరళ తీర్పు గురించి వాదించే ఓపిక నీకుందా? నాకైతే లేదు.

సరే, లెక్కకు వద్దాం. అంగట్లో వాళ్లు "ఇది 50 శాతం ఫిల్మ్, రూలుకు సరిపోతుంది" అంటారు. సరిపోదు. కారు అద్దం ఒట్టిదే వెలుతురును కొంత ఆపుతుంది. నీ అద్దం 80 శాతం పంపుతుందనుకో, దాని మీద 50 ఫిల్మ్ వేస్తే మిగిలేది 40. అదే 70 ఫిల్మ్ వేస్తే 56. అంటే పక్కలకు 70 ఫిల్మే గతి. ఇక ముందు, వెనక అద్దాలకు 70 మిగలాలి కదా, అక్కడ 56 వస్తే కుదరదు. కాబట్టి ఆ రెండూ వదిలెయ్. ఫిల్మ్ మాట ఎత్తకముందే వెలుతురు కొలిచే మీటరు పెట్టి ఒట్టి అద్దం ఎంత చూపిస్తుందో నీ కళ్లతో చూడు. మీటరు లేదంటే ఆ అంగడి దాటి పక్కకు పో.

ఇప్పుడు ఆ 18 వేలు విడదీయి. నువ్వు పంపిన కొటేషన్‌లో ముందు అద్దం 6,000, వెనకది 4,000, పక్క నాలుగూ కలిపి 8,000 అని ఉంది. జీఎస్టీ వేరే అని కింద సన్నక్షరాల్లో రాశారు, చూశావో లేదో. మొత్తం వేయిస్తే 18 శాతం కలుపుకుని 21,240 అయ్యేది. పక్కలకు మాత్రమే అయితే 9,440. అందులోనూ బేరం ఆడు. ఫిల్మ్ రోల్ పన్నా 60 అంగుళాలు, ముక్కలు ఒద్దికగా సర్దితే పెద్దగా వేస్ట్ పోదు. జాకెట్లకు గుడ్డ కత్తిరించే నాకు ఆ లెక్క చెప్పక్కర్లేదు.

ఇంకోటి. అంగట్లో బల్బు వెలిగించి, ఫిల్మ్ వెనక చెయ్యి పెట్టమని, "చూడండి సార్, 95 శాతం వేడి ఆపేస్తోంది" అంటారు. ఆ బల్బులో వచ్చేది ఎక్కువగా ఇన్‌ఫ్రారెడ్ వేడి. మన ఎండలో అది సుమారు సగమే, తక్కినదంతా దాదాపు వెలుతురు రూపంలోనే వస్తుంది. అందుకే ఐఆర్, అంటే ఆ ఇన్‌ఫ్రారెడ్ అంకె చూసి మురిసిపోకు, టీఎస్‌ఈఆర్ ఎంతో అడుగు. మొత్తం ఎండ శక్తిలో ఎంత ఆపుతుందో చెప్పేది ఆ అంకె. కాగితం మీద చూపించలేక నోటితో చెబితే, కాణిపాకంలో ప్రమాణం చేస్తావా అని అడుగు. ముఖం చూస్తే తెలిసిపోతుంది.

సెరామిక్‌లో లోహం ఉండదు, అందుకని ఫోన్ సిగ్నలుకూ ఫాస్టాగ్‌కూ అడ్డు రాదు. మూడున్నర వేలది మళ్లీ వంకాయ రంగుకు మారేదే. కాబట్టి సెరామిక్కే, నాలుగు పక్కలకే. సాయంత్రం నువ్వు తిరుపతి నుంచి ఇక్కడికి వచ్చేటప్పుడు ఎండ ముందు నుంచీ కుడివైపు నుంచీ కొడుతుంది. స్టీరింగ్ మీద నీ కుడి చెయ్యి కమిలిపోకుండా ఉంటే అదే పదివేలు. ముందు అద్దం నుంచి వచ్చే వేడికి, కారు నిలిపినప్పుడు పరిచే వెండిరంగు షేడ్ ఒకటి కొనుక్కో. ఎప్పుడైనా ఎవరైనా ఫిల్మ్ తీసెయ్యమంటే తీసెయ్యాల్సి వస్తుంది. ఆ 9,440 పోయినా బాధ లేదనుకుంటేనే వేయించు. బిల్లు, వారంటీ కార్డు, వెలుతురు శాతం ఉన్న కాగితం కారులోనే పెట్టుకో.

వేయించాక మూడు నాలుగు రోజులు అద్దాలు దించకూడదట. కాబట్టి ముందు కాణిపాకంలో కారు పూజ కానియ్యి. అక్కడ డోర్లూ అద్దాలూ తీస్తూ వేస్తూనే ఉంటావు. కొండకు పోవాలన్నా అంతే, అలిపిరి దగ్గర తనిఖీకి అద్దం దించమంటారు. పైగా అక్కడ 2025 ఆగస్టు 15 నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి చేశారు, నీది యాక్టివ్‌గా ఉందో లేదో చూసుకో. శుక్రవారం పూజ, శనివారం కొండ, సోమవారం ఫిల్మ్. నిమ్మకాయలు నేను తెస్తాను, నువ్వు అక్కడ కొనకు.

అమ్మ