పులిపిరి, క్యాన్సర్, ఒకే వైరస్ కుటుంబం: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. నేను చెవి, ముక్కు, గొంతు వ్యాధుల శస్త్రవైద్యుణ్ని. హ్యూమన్ పాపిలోమా వైరస్ (హెచ్‌పీవీ) పేరు వినగానే అందరికీ గుర్తొచ్చేది స్త్రీల గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. గుర్తు రావాల్సిందే. 2022 ఒక్క ఏడాదిలో ప్రపంచం మొత్తం మీద సుమారు 6 లక్షల 60 వేల మంది స్త్రీలకు ఆ క్యాన్సర్ కొత్తగా బయటపడింది. దాదాపు 3 లక్షల 50 వేల మంది దానికి బలయ్యారు. అదే కుటుంబానికి చెందిన వైరస్‌లు నా వార్డుకు వేరే దారిలో వస్తాయి. పసిపిల్లల స్వరపేటికలో పులిపిర్ల గుత్తులుగా వస్తాయి. నడివయసు మగవాళ్ల టాన్సిల్‌లో క్యాన్సర్‌గా వస్తాయి. మొదటివి క్యాన్సర్ కావు, రెండోది క్యాన్సర్. ఈ రెంటినీ ఒకేచోట చూసే వైద్యుడిగా మీకు ఒక విన్నపం చేస్తున్నాను. హెచ్‌పీవీ గురించి ప్రభుత్వం చెప్పే మాటలోనూ, కొనే టీకాలోనూ, చేయించే పరీక్షలోనూ ఈ రెండు రకాల పెరుగుదలలకూ చోటివ్వండి. వాటి మధ్య తేడా ఏమిటో కూడా జనానికి వివరంగా చెప్పించండి.

హెచ్‌పీవీ అంటే ఒక్క వైరస్ కాదు. 200కు పైగా రకాలను గుర్తించి, ఒక్కోదానికి ఒక్కో అంకె ఇచ్చారు. చేతివేళ్ల మీద, అరికాళ్లలో వచ్చే మామూలు పులిపిర్లకు 1, 2, 4 వంటి రకాలు కారణం. జననాంగాల మీద వచ్చే పులిపిర్లలో దాదాపు 90 శాతం 6, 11 రకాల వల్లే వస్తాయి. స్వరపేటికలో మొలిచేవీ ఈ రెంటివే. క్యాన్సర్ తెచ్చేవి వేరే. వాటిలో 16, 18 ముఖ్యమైనవి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో దాదాపు 70 శాతానికి ఈ రెండే కారణం. 31, 33, 45, 52, 58 వంటివి ఆ తర్వాత వస్తాయి. అంటే ఆరోగ్యంగా ఉన్న మనిషి వేలి మీద లేచిన పులిపిరి ముదిరి క్యాన్సర్ అవదు. మరోవైపు, క్యాన్సర్ తెచ్చే రకం శరీరంలో చేరినప్పుడు సాధారణంగా పులిపిరి లేవదు, నొప్పి ఉండదు, దురద ఉండదు.

జనం భయం మాత్రం సరిగ్గా దీనికి తలకిందులుగా ఉంటుంది. కనిపించే దానికి వణికిపోతారు. "పులిపిర్లు తెచ్చే వైరసే క్యాన్సర్ తెస్తుంది" అన్న సగం మాట ఎక్కడో విని, పిల్లవాడి చేతి మీది పులిపిరిని బ్లేడుతో కోసేవాళ్లు, ఆమ్లంతో కాల్చి చర్మం పాడు చేసేవాళ్లు ఉన్నారు. నిజానికి పిల్లల్లో ఇలాంటివి చాలావరకు రెండేళ్లలో వాటంతటవే రాలిపోతాయి. అదే ఇంట్లో తల్లికి హెచ్‌పీవీ పరీక్షలో 16 రకం ఉన్నట్టు తేలితే, "నాకేం గడ్డ లేదు కదా, బాగానే ఉన్నాను" అని తర్వాతి పరీక్షకు వెళ్లదు. ఇందులో ఆమెను తప్పుపట్టలేం. తేడా ఆమెకు ఎవరూ చెప్పలేదు.

లోపల జరిగేది కూడా మామూలు మాటల్లో చెప్పవచ్చు. 6, 11 రకాలు కణంలో చేరినా వాటి డీఎన్ఏ సాధారణంగా కణపు డీఎన్ఏతో కలవకుండా విడిగానే ఉంటుంది. కణాలు గబగబా పెరిగి ఒక మొలక లేస్తుంది కానీ పెరుగుదల అదుపు తప్పి చుట్టుపక్కల కండలోకి చొచ్చుకుపోదు. క్యాన్సర్ దాకా వెళ్లేవాళ్లలో చాలామందికి 16, 18 రకాల డీఎన్ఏ కాలక్రమాన కణపు డీఎన్ఏలోనే అతుక్కుపోతుంది. అప్పుడు ఈ6, ఈ7 అనే రెండు వైరస్ ప్రోటీన్లు ఆగకుండా తయారవుతాయి. దెబ్బతిన్న కణాన్ని ఆపేసి, అవసరమైతే చంపేసే పీ53 అనే ప్రోటీన్‌ను ఈ6 నాశనం చేస్తుంది. కణం ఇష్టమొచ్చినట్టు విభజన చెందకుండా అడ్డుపడే ఆర్‌బీ ప్రోటీన్‌ను ఈ7 పనిచేయనివ్వదు. అయితే ఇదంతా జరగడానికి సాధారణంగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లలో, ముఖ్యంగా చికిత్స అందని హెచ్‌ఐవీ ఉన్న స్త్రీలలో, 5 నుంచి 10 ఏళ్లలోనే రావచ్చు. పైగా వైరస్ సోకిన పదిమందిలో తొమ్మిదిమందికి రెండేళ్లలోపే శరీరం దాన్ని వదిలించుకుంటుంది. వదలకుండా ఏళ్ల తరబడి ఉండిపోయే ఆ కొద్దిమంది కోసమే స్క్రీనింగ్, అంటే లక్షణాలేవీ లేకముందే చేసే పరీక్ష. ఇంత వ్యవధి ఇచ్చే క్యాన్సర్లు చాలా తక్కువ. ఆ వ్యవధిని మనం వాడుకోకపోవడం వల్లే ఇంతమంది చనిపోతున్నారు.

ఇక నా వార్డు సంగతి. "క్యాన్సర్ కాదు" అన్న మాట విని ఏ అధికారీ దాన్ని పక్కన పెట్టకూడదనే ఈ పేరా రాస్తున్నాను. 6 లేదా 11 రకం వైరస్ కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు చేరవచ్చు. అలా చేరినవాళ్లలో అతి కొద్దిమందికి స్వరపేటికలో పులిపిర్లు మొలుస్తాయి. మొదట గొంతు బొంగురుపోతుంది, ఏడుపు సన్నబడుతుంది. తర్వాత ఊపిరి తీసినప్పుడల్లా ఈల వేసినట్టు శబ్దం వస్తుంది. చాలాసార్లు ఉబ్బసం అనుకుని నెలల తరబడి మందులు వాడతారు. మా దగ్గరికి వచ్చేసరికి గాలి దారి చాలావరకు మూసుకుపోయి ఉంటుంది. మత్తిచ్చి, లేజర్‌తోనో, సన్నటి కోత యంత్రంతోనో వాటిని తీసేస్తాం. కొన్ని వారాలకో నెలలకో మళ్లీ మొలుస్తాయి. పైకి మామూలుగా కనిపించే పక్క పొరలో వైరస్ మిగిలే ఉంటుంది, అందుకే ఇది కోతతో పూర్తిగా పోయే జబ్బు కాదు. కొందరు పిల్లలకు బాల్యం మొత్తం ఆపరేషన్ల మధ్యే గడిచిపోతుంది. పులిపిర్లు ఊపిరితిత్తులకు పాకిన సందర్భాలూ, అరుదుగా క్యాన్సర్‌గా మారిన సందర్భాలూ ఉన్నాయి. సూక్ష్మదర్శిని కింద చూసి "ప్రమాదం లేని కణితి" అని రాసే నివేదిక తప్పు కాదు. కానీ ఊపిరి ఆడని పిల్లవాడి ముందు ఆ మాటకు అర్థం లేదు.

క్యాన్సర్ వైరస్ దొరికిన దారి కూడా ఈ గొంతు పులిపిరి మీదుగానే సాగిందన్నది చాలామందికి తెలియదు. 1970లలో చాలామంది శాస్త్రవేత్తలు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు హెర్పిస్ వైరస్ కారణమని అనుమానిస్తుంటే, జర్మనీకి చెందిన హెరాల్డ్ జుర్ హౌసెన్ పులిపిరి వైరస్‌లను అనుమానించారు. ఆయన ప్రయోగశాలలోనే స్వరపేటిక పులిపిరి నుంచి 11 రకాన్ని వేరుచేశారు. దాని డీఎన్ఏను ఆధారం చేసుకుని, దాన్ని పోలినది క్యాన్సర్ కణాల్లో ఏమైనా ఉందా అని వెతికితే 1983లో 16 రకం దొరికింది. మరుసటి ఏడాది 18 దొరికింది. దానికే 2008లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఇవాళ్టి టీకాలన్నీ ఆ దారి వెంట వచ్చినవే.

అందుకే టీకా ఎంపికలో మీ నిపుణుల సంఘం ఒక ప్రశ్న తప్పక వేసుకోవాలి. హెచ్‌పీవీ టీకాల్లో కొన్ని 16, 18 రకాల మీద మాత్రమే గురిపెడతాయి. నాలుగు రకాల టీకాలో వాటితోపాటు 6, 11 కూడా ఉన్నాయి. తొమ్మిది రకాల టీకాలో వీటికి 31, 33, 45, 52, 58 కలిశాయి. క్యాన్సర్ ఒక్కటే లెక్కలోకి తీసుకుంటే 16, 18 మాత్రమే ఉన్న టీకా చాలనిపిస్తుంది. కానీ 6, 11 కూడా ఉన్న టీకాతో వచ్చే ఫలితం పదేళ్లు ఆగకుండానే కనిపిస్తుంది. ఆస్ట్రేలియా 2007లో బాలికలకు నాలుగు రకాల టీకా మొదలుపెట్టింది. అక్కడి లైంగిక ఆరోగ్య క్లినిక్‌లకు వచ్చిన 21 ఏళ్లలోపు యువతుల్లో పులిపిర్లు ఉన్నవాళ్లు 2007లో 11.5 శాతం ఉంటే 2011 నాటికి ఒక్క శాతం కంటే తగ్గిపోయారు. అప్పటికి అబ్బాయిలకు టీకా ఇంకా మొదలుకాలేదు, అయినా అదే వయసు యువకుల్లో కూడా పులిపిర్లు బాగా తగ్గాయి. పిల్లల స్వరపేటిక పులిపిర్లు 2012లో లక్ష మంది పిల్లలకు 0.16 చొప్పున నమోదైతే 2016లో 0.02కు పడిపోయాయి. ఆ సంవత్సరాల్లో జబ్బు వచ్చిన పిల్లల తల్లుల్లో ఒక్కరూ గర్భానికి ముందు టీకా వేయించుకున్నవాళ్లు కారు. శస్త్రచికిత్సతో నయం చేయలేని జబ్బును టీకా అసలు రాకుండానే ఆపగలిగింది. గొంతు వైద్యుడిగా నాకు ఇంతకంటే పెద్ద వార్త లేదు.

క్యాన్సర్ విషయంలోనూ ఆధారాలకు కొదవ లేదు. 17 ఏళ్లలోపు టీకా వేయించుకున్న స్త్రీలలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ 88 శాతం తక్కువని 2020లో స్వీడన్ అధ్యయనం తేల్చింది. 12, 13 ఏళ్ల వయసులో టీకా పూర్తిగా వేయించుకున్నవాళ్లలో ఒక్క కేసు కూడా కనిపించలేదని 2024లో స్కాట్లాండ్ ప్రకటించింది. టీకాలో వైరస్ ఉండదు, దాని డీఎన్ఏ కూడా ఉండదు. పైపొరను పోలిన ఖాళీ ప్రోటీన్ గుల్ల మాత్రమే ఉంటుంది. అయితే ఇది నివారణకే. అప్పటికే సోకిన వైరస్‌ను ఈ టీకా పోగొట్టదు, ఉన్న పులిపిరిని కరిగించదు. చిన్న వయసులోనే వేయాలనడానికి కారణం అదే, తల్లిదండ్రులకు ఆ మాట సూటిగా చెప్పవచ్చు.

వదంతుల గురించి ఒక్క మాట. జపాన్‌లో 2013లో దుష్ప్రభావాల ఆరోపణలు వార్తల్లో నిండగానే ప్రభుత్వం టీకాను సిఫారసు చేయడం ఆపేసింది. టీకా వేయించుకునే బాలికల శాతం 70 దాకా ఉన్నది ఒక్క శాతం కంటే కిందికి పడిపోయింది. ఆ ఆరోపణలకు ఆధారం లేదని పరిశోధనలు చెప్పినా సిఫారసు తిరిగి రావడానికి 2022 ఏప్రిల్ దాకా పట్టింది. అలాంటి రోజు మీకూ రావచ్చు. ఆ రోజు మీరు మౌనంగా ఉండవద్దు.

మగపిల్లల సంగతికి వస్తాను. నాలుక మొదట్లో, టాన్సిల్‌లో వచ్చే హెచ్‌పీవీ క్యాన్సర్లు ఎక్కువగా పురుషులకే వస్తాయి, వాటిలో అత్యధికం 16 రకం పనే. అమెరికాలో ఇప్పుడు హెచ్‌పీవీ తెచ్చే క్యాన్సర్లలో వీటి సంఖ్య గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల సంఖ్యను దాటిపోయింది. వీటిని ముందుగా పట్టే స్క్రీనింగ్ పరీక్ష లేదు. చాలామంది మెడలో నొప్పి లేని గడ్డతోనే వస్తారు, అంటే అప్పటికే క్యాన్సర్ లింఫు గ్రంథికి చేరి ఉంటుంది. చికిత్సకు బాగానే లొంగుతుంది కానీ మింగడం, మాట, లాలాజలం చాలామందికి మునుపటిలా ఉండవు. డబ్బు పరిమితమైతే మొదట బాలికలందరికీ టీకా, ఆ తర్వాత స్త్రీలకు పరీక్షలు, ఆపైన బాలురు అన్న వరుసే సరైనదని నేనూ ఒప్పుకుంటాను. కానీ 2022 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ 20 ఏళ్లలోపు వాళ్లకు ఒక్క డోసు కూడా చాలవచ్చని చెప్పింది. రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు ఇది వర్తించదు. అలా మిగిలే డోసులు ఎవరికి వేయాలన్నది ఇప్పుడే ఆలోచించవచ్చు.

అన్నిటికంటే కష్టమైనది పరీక్ష తర్వాతి మాట. 30 దాటిన స్త్రీలకు 5 నుంచి 10 ఏళ్లకోసారి హెచ్‌పీవీ డీఎన్ఏ పరీక్ష చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. నమూనాను స్త్రీ తానే తీసుకోవచ్చు, ఎవరి ముందూ పడుకోనక్కర లేదు. కానీ పరీక్ష ఫలితం చేతికొచ్చాక ఇంట్లో రేగే మంట గురించి ఏ మార్గదర్శకంలోనూ తగినంత రాయరు. "ఎవరి వల్ల వచ్చింది?" అని భర్త అడుగుతాడు, లేదా ఆమే తనను తాను అడుక్కుంటుంది. ఈ వైరస్ ఏళ్ల తరబడి బయటపడకుండా ఉండగలదు. ఎప్పుడు సోకిందో, ఎవరి నుంచి సోకిందో ఏ పరీక్షా చెప్పలేదు. లైంగిక జీవితం ఉన్నవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు సోకేదే ఇది. ఫలితం ఇచ్చే కాగితం మీదే ఈ మూడు వాక్యాలూ అచ్చు వేయించండి. దాని కిందే "ఇది క్యాన్సర్ కాదు, కానీ తర్వాతి పరీక్ష తప్పనిసరి" అని పెద్ద అక్షరాల్లో వేయించి, ఆ పరీక్ష తేదీ రాయించండి. వీలైతే ఆ పరీక్షా, క్యాన్సర్‌కు ముందు కణాల్లో వచ్చే మార్పులకు చికిత్సా అదే కేంద్రంలో జరగాలి. దూరం పంపిన ప్రతిసారీ కొందరు తిరిగి రారు.

చివరిగా రెండు పనులు, రెంటికీ పెద్ద ఖర్చు లేదు. టాన్సిల్, నాలుక మొదట్లో వచ్చే క్యాన్సర్లను పొగాకు వల్ల వచ్చే నోటి క్యాన్సర్లతో కలిపి రాయకుండా, హెచ్‌పీవీ వల్ల వచ్చినదేమో సూచించే పీ16 అనే ప్రోటీన్ పరీక్ష చేయించి క్యాన్సర్ రిజిస్ట్రీలో విడిగా నమోదు చేయించండి. పిల్లల స్వరపేటిక పులిపిర్లకూ అలాంటి నమోదే ఉండాలి, అవి ఏటా తగ్గుతున్నాయో లేదో అప్పుడే తెలుస్తుంది. ఇక టీకాను ఎంచుకునే సంఘంలో స్త్రీల వైద్యులు, పిల్లల వైద్యులతోపాటు ఒక గొంతు వైద్యుణ్ని, ఒక చర్మ వైద్యుణ్ని కూర్చోబెట్టండి. ఎవరిని పిలిచినా ఫరవాలేదు, నేనే కావాలని లేదు. ఏ టీకా కొనాలో తేల్చే సమావేశానికి ముందే వాళ్లను పిలవండి.

ఇట్లు,
మీ విధేయుడు,
ఒక గొంతు వైద్యుడు